ఏడుపు వినిపించింది

సమాధుల దగ్గరికి యాత్రలేమిటే, మనకవి లేవు కదా అని అత్తయ్య ఫోన్లో అననే అన్నారు. నేను మొక్కుకుంది దేవుడికే. మూడేళ్ల కిందట బాబు 28 వారాలకే పుట్టేశాడు. ఇంక్యుబేటర్ కిటికీలోంచి చెయ్యి పెట్టి, వాడి అరికాలు పట్టుకుని, గుంటూరు సండే స్కూల్లో అమ్మ నేర్పిన ‘జీసస్ లవ్స్ మి’ పాడేదాన్ని. గొంతులో ట్యూబు ఉంది కాబట్టి వాడు ఏడ్చినా శబ్దం వచ్చేది కాదు. మొహం ముడుచుకుని ఎర్రబడేది, అంతే. వీడు బతికితే ఈ పాటకు వరుస కట్టిన విలియం బ్రాడ్‌బరీ సమాధి దగ్గర నిలబడి నీకు స్తోత్రం చెబుతాను ప్రభువా అన్నాను. ఆ సమాధి న్యూజెర్సీలో మా ఊరు ఎడిసన్‌కి గంట దూరం కూడా లేదని తర్వాత తెలిసింది!

మొన్న సోమవారం బయల్దేరాం. ఆ రోజు మెమోరియల్ డే, అమెరికాలో చనిపోయిన సైనికుల్ని తలుచుకునే సెలవు రోజు అన్న ధ్యాసే లేదు. పార్క్‌వే హైవే నిండా కార్లు. బ్లూమ్‌ఫీల్డ్ శ్మశానంలోనూ కార్లే, జెండాలు, పూలకుండీలు, ఫోన్లలో గట్టిగా మాట్లాడేవాళ్లు. ప్రార్థన చేసుకుందామంటే మనసు నిలవదు. ఎండలో గంట తిరిగినా బ్రాడ్‌బరీ సమాధి కనపడలేదు.

న్యూయార్క్‌లో పిల్లల్ని వందల్లో కూర్చోబెట్టి పాట నేర్పినాయన. ఆనా వార్నర్ అనే రచయిత్రి 1860లో రాసిన మాటలకు 1862లో వరుస కట్టి, పల్లవి తనే చేర్చాడు. ఆ మాటలు మొదట వచ్చింది ఒక నవలలో, జబ్బుపడ్డ పిల్లాణ్ణి ఓదార్చే చోట. ఈయన ఊపిరితిత్తుల జబ్బుతో 1868లో పోయాడు, 51 ఏళ్లకే. వెంటిలేటర్ మీద మా బాబుని చూసిన నాకు ఈ ముక్క చదివాక చాలాసేపు ఏమీ తోచలేదు.

భర్త సమాధి తుడుచుకుంటున్న ఒక పెద్దావిడ మా తిరుగుడు చూసి, పేరు అడిగి, చేతికర్రతో ముందు నడిచింది. నాలుగైదు చోట్ల ఆగి ఆయాసం తీర్చుకుంది. వద్దన్నా వినలేదు. రాయి చూపించి, చేతిలోని తడిగుడ్డ నాకిచ్చి వెళ్లిపోయింది. తుడుస్తుంటే వేలికి ‘బ్రా’ తగిలింది, తర్వాత మిగతా అక్షరాలు. కళ్లు మూసుకున్నానో లేదో, బాబు చిప్స్ కావాలని కిందపడి ఏడుపు. ఆ వరస సమాధుల దగ్గరున్న వాళ్లందరూ ఇటు తిరిగారు. మావారు కంగారుగా వాడి నోరు మూయబోయారు.

"ఉండండి, ఏడవనివ్వండి" అన్నాను.