అమ్ముడైన ఫ్లాట్లు, ఆరిన లైట్లు

బీచ్‌లో నిలబడి వెనక్కి చూస్తే అంత పెద్ద టవర్‌లో వెలుగుతున్నవి నాలుగే లైట్లు. ఫ్లాట్లన్నీ ఎప్పుడో అమ్ముడైపోయాయట!

అక్కడ ఇదివరకు పాత లాడ్జి ఉండేది. గదులు అంతంతమాత్రమే, కానీ రోజూ కొత్త మనుషులు దిగేవాళ్లు. దిగినవాళ్లు బయటే తినాలి, తిరగాలి, పిల్లలు ఏడిస్తే ఏదో ఒక బొమ్మ కొనాలి. ఊళ్లో సగం వ్యాపారం ఆ ఏడుపుల మీదే నడిచేదేమో. ఫ్లాట్ ఓనర్లు వచ్చేది సెలవులకే. వచ్చినా వంట ఇంట్లోనే, సరుకులు కారు డిక్కీలోనే.

కట్టేవాళ్లని అని లాభం లేదు. లాడ్జి అయితే ఏటా గదులు నింపుకోవాలి, ఫ్లాట్ ఒక్కసారి అమ్మితే చాలు. ఊరికీ ఇంటి పన్ను వస్తుంది.

కొందరు ఓనర్లు ఆన్‌లైన్‌లో రోజువారీ అద్దెకిస్తున్నారు. టూరిస్టులకు నయమే. కానీ అది చూసి మామూలు ఇళ్ల అద్దెలూ పెరిగాయి, హోటళ్లలో పనిచేసేవాళ్లు ఊరి బయట నుంచి బస్సెక్కి వస్తున్నారు.

అనుమతి ఇచ్చేటప్పుడే కొన్ని ఫ్లాట్లు టూరిస్టుల కోసం ఉంచాలని షరతు పెడితే ఏం పోయేది? కొన్నిచోట్ల అలా పెడుతున్నారు కూడా.