నాన్న చేయనన్న పని

మా నాన్న గోపాలమిత్ర. ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక పల్లె మాది. ఊళ్లో అందరూ ఆయన్ను పశువుల డాక్టరనే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ "డాక్టర్ని కాదయ్యా, గోపాలమిత్రని" అని నాన్న సరిచేస్తాడు. చిన్నప్పుడు నాకు అది నచ్చేది కాదు. పిలిచేవాళ్లు ప్రేమగా పిలుస్తుంటే ఎందుకు వద్దంటాడో అర్థమయ్యేది కాదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2000ల మొదట్లో ఊళ్లో కుర్రాళ్లకు కొన్ని నెలల శిక్షణ ఇచ్చి గోపాలమిత్రలుగా పెట్టారు. ముఖ్యంగా ఎద సూదులు, అంటే కృత్రిమ గర్భధారణ సూదులు వేయడానికి. అప్పటిదాకా ఎదకొచ్చిన గేదెను ఆసుపత్రిదాకా తోలుకుపోవాల్సి వచ్చేది. నడిచి వెళ్లేసరికి ఎద పోయేది, ఇంకో మూడు వారాలు ఆగాలి. మా ఇంట్లో వంటింటి పక్క మూలన ద్రవ నత్రజని క్యాన్ ఉండేది. లోపల మైనస్ 196 డిగ్రీల చలిలో వీర్యం నింపిన సన్నటి గొట్టాలు. మూత తీస్తే తెల్లటి పొగ కిందికి జారేది. మమ్మల్ని ఆ దరిదాపుల్లోకి రానిచ్చేవాడు కాదు. గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్లలో వేసి అర నిమిషం లెక్కపెట్టేవాడు, పెదాలు కదుపుతూ. పొద్దున ఎద కనపడితే సాయంత్రం సూది, సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున. మా ఇంట్లో పండగ భోజనాలు కూడా ఈ లెక్క ప్రకారమే నడిచేవి.

నేను డిగ్రీలో ఉండగా మా జెర్సీ ఆవు చనిపోయింది. మూడో ఈత. ఈనిన రెండో రోజు సాయంత్రం కూలబడి, మెడ డొక్క మీదకు తిప్పి పెట్టుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. నాన్న ఒంగోలులో ఏదో శిక్షణకు వెళ్లాడు, ఫోన్ కలవలేదు. అమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. సంచిలో మందులు పెట్టుకుని బండి మీద ఊళ్లు తిరిగే ఒకతన్ని పిలిపించింది. అతను చూడగానే "పాల జ్వరం, కాల్షియం పెట్టాలి" అన్నాడు. ఈనిన కొత్తలో పాడి పశువు ఒంట్లో కాల్షియం పడిపోవడమే పాల జ్వరం. సరిగ్గానే చెప్పాడు. రోగం అదే, మందూ అదే. మెడ నరానికి సూది గుచ్చి, సీసాను తల ఎత్తున పట్టుకున్నాడు. మందు బుడబుడా దిగిపోయింది. సీసా ఖాళీ అయ్యేలోపే ఆవు ఒక్కసారి వణికి, కాళ్లు చాపేసింది.

నాన్న వచ్చాక అతన్ని తిట్టలేదు. రెండే అడిగాడు. "సీసా ఎంతసేపట్లో అయిపోయింది? గుండె ఎవరైనా విన్నారా?" కాల్షియం నరంలోకి తొందరగా వెళ్తే గుండె ఆగిపోతుంది. అందుకే డాక్టరు సీసాను గోరువెచ్చగా చేసి, నెమ్మదిగా వదులుతూ, స్టెతస్కోపు గుండె దగ్గరే పెట్టుకుంటారు. గుండె లయ తప్పితే ఆపేస్తారు. మందు పేరు తెలియడం వేరు, ఎప్పుడు ఆపాలో తెలియడం వేరు.

మర్నాడు డాక్టరుగారు వచ్చి కోసి చూసి, ఇన్సూరెన్స్ కోసం చెవి పోగు నంబరు రాసి సంతకం చేశారు. అలాంటి ధ్రువపత్రం మీద సంతకం ఆయనే ఎందుకు పెట్టాలి అని వెతుకుతూ మొదటిసారి ఆ చట్టం చదివాను. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం. అందులో 30వ సెక్షన్ ప్రకారం పశువైద్యం చేయడం, పశువుల ఆరోగ్య ధ్రువపత్రాలు ఇవ్వడం రిజిస్టరయిన పశువైద్యుల పని. కానీ అక్కడే ఒక మినహాయింపు ఉంది. పశుసంవర్ధక శాఖ నుంచో, పశువైద్య సంస్థ నుంచో డిప్లొమా, సర్టిఫికెట్ పొందిన సహాయకులకు రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతి ఇస్తే, వాళ్లు చిన్న చిన్న సేవలు చేయవచ్చు. టీకాలు వేయడం, కోడెలకు విత్తులు కొట్టడం, పుండ్లకు కట్టు కట్టడం లాంటివి. అదీ రిజిస్టరయిన డాక్టరు పర్యవేక్షణలో, ఆయన చెప్పినట్టు.

ఆ "పర్యవేక్షణ" అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాన్న జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. ఏ ఇంటి పశువు, ఏం లక్షణం, డాక్టరుగారికి ఎన్ని గంటలకు ఫోన్ చేశాడు, ఆయన ఏం చెప్పారు, అన్నీ అందులో ఉంటాయి. చట్టంలో ఉన్న ఆ ఒక్క మాటను మా నాన్న పాతికేళ్లుగా చేత్తో రాస్తున్నాడు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న రాత్రి గురించి. మా వెనకింటి మామ గేదెకు నెలలు నిండాయి. పొద్దుటి నుంచి లేస్తుంది, పడుకుంటుంది, కాలితో పొట్ట తన్నుకుంటుంది. ఉమ్మనీరు రాలేదు. రాత్రి తొమ్మిదింటికి నాన్నను పిలిచారు. భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, సబ్బునీళ్లు రాసుకుని చెయ్యి పెట్టి చూశాడు. అర నిమిషంలో తీసేశాడు.

"దారి మెలి తిరిగింది బావా. గర్భసంచి మెలిక. నేను చెయ్యకూడదు. డాక్టరుగారికి ఫోన్ చేస్తున్నా."

"ఇన్నేళ్లుగా చేస్తున్నావు, దూడను పట్టుకుని లాగలేవా?" అన్నాడు మామ. కోపంగానే అన్నాడు. ఎనభై వేలు పెట్టి కొన్న గేదె, పైగా బ్యాంకు అప్పు. చుట్టూ చేరిన వాళ్లలో ఒకాయన "చేతకాకపోతే చెప్పు, వేరేవాణ్ని పిలుద్దాం" అన్నాడు. నేను గోడ పక్కన నిలబడి వింటున్నాను. నాన్న ముఖం ఎర్రబడింది గానీ మాట మారలేదు. "లాగితే సంచి చిరుగుతుంది. గేదె కూడా దక్కదు."

డాక్టరుగారు వచ్చేసరికి పదకొండయింది. మెలిక ఎటు తిరిగిందో చూసి, గేదెను ఆ వైపే పడుకోబెట్టించారు. పొడవాటి చెక్క కావాలన్నారు. మామ కొట్టం పాత తలుపు చెక్క ఊడదీసి తెచ్చాడు. దాన్ని గేదె డొక్క మీద ఆనించి, మా అన్నను దాని మీద నిలబడమన్నారు. ముందు కాళ్ల తాడు ఇద్దరు, వెనక కాళ్ల తాడు ఇద్దరు పట్టుకున్నారు. డాక్టరుగారు చెప్తుంటే నాన్న తల పట్టుకుని, అందరూ కలిసి గేదెను మెల్లగా దొర్లించారు. లోపలి సంచి చెక్క బరువుకు ఆగి ఉంటే, ఒళ్లు దాని చుట్టూ తిరిగి మెలిక విడిపోతుంది. తప్పు వైపు దొర్లిస్తే ఇంకా బిగుస్తుంది. మొదటిసారి విడలేదు. రెండోసారి డాక్టరుగారు చెయ్యి పెట్టగానే ఉమ్మనీరు ఆయన చొక్కా నిండా పడింది. దూడ దక్కలేదు. గేదె దక్కింది.

తర్వాత పది రోజులు పుండ్లకు మందు రాసిందీ, జ్వరం చూసిందీ, మేత తింటోందో లేదో డాక్టరుగారికి ఫోన్లో చెప్పిందీ నాన్నే. ఇరవై కిలోమీటర్ల అవతల ఉండే డాక్టరు రోజూ రాలేరు. నాన్న లాంటివాళ్లు లేకపోతే ఆయన చేసిన వైద్యం సగంలోనే ఆగిపోతుంది. వీళ్లకు నెలనెలా గౌరవవేతనం సరిగ్గా ఇవ్వాలి, ఏటా మళ్లీ శిక్షణ ఇవ్వాలి, ఫోన్ చేస్తే ఎత్తే డాక్టరు ఉండాలి. ఇది నేను ఎవరితోనైనా ఎక్కడైనా గట్టిగా చెప్తాను. పర్యవేక్షణ అని చట్టంలో రాసి, పర్యవేక్షించే మనిషిని పంపకపోతే ఆ ఖాళీలోకి సంచి తగిలించుకున్నవాళ్లే వస్తారు.

యజమానులం మనం చేసే పనులు కూడా చిన్నవేం కాదు. పుట్టిన దూడ బొడ్డుకు అయోడిన్ అద్దడం, గంటలోపు ముర్రుపాలు తాగించడం, పొదుగు కడగడం. కడుపు ఉబ్బిందని వెదురు గొట్టంతో నూనె పోసేటప్పుడు నాలుక బయటికి లాగకండి, తల మరీ పైకి ఎత్తకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుంటుతోందని వాతలు పెట్టకండి. నొప్పికని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ అసలే వద్దు. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. నాన్న చిన్నప్పుడు ఊరి బయట చచ్చిన ఎద్దు చుట్టూ రాబందులు దిగేవట. నేను ఒక్కదాన్నీ చూడలేదు.

ఇప్పుడు 1962కు ఫోన్ చేస్తే సంచార వాహనం వస్తుంది. నాన్న ఆ నంబరును మా కొట్టం గోడ మీదా, వెనకింటి మామ కొట్టం గోడ మీదా బొగ్గుతో పెద్దగా రాశాడు. ఆ గేదె పోయిన నెల మళ్లీ ఈనింది, పెయ్య దూడ. మామ జున్ను గిన్నె పట్టుకుని వచ్చి, "డాక్టరు ఉన్నాడామ్మా?" అని అడిగాడు. లోపలి నుంచి నాన్న ఎప్పటిలాగే "గోపాలమిత్రనయ్యా" అన్నాడు.