గడియారం మీద మడత

ఇవాళ సెలవు పెట్టి మరీ పొద్దున్నుంచీ ఒకే పాత ఫోటోని స్కాన్ చేసి కంప్యూటర్లో బాగుచేస్తూ కూర్చున్నా. ఊరి నడిబొడ్డు కూడలి, చుట్టూ మేడలు, ఒక పక్క గడియారం స్తంభం. ప్రింటంతా పసుపెక్కింది, ఎప్పుడో ఎవరో నిలువుగా మడిచినట్టున్నారు, ఆ మడత సరిగ్గా గడియారం నడిమధ్యనుంచే పోయింది.

ముందు దుమ్ము చుక్కల పని పట్టా. 200 శాతం జూమ్‌లో ఒక్కోటీ తుడుచుకుంటూ పోతుంటే ఒక మేడ మీద ఇంకో నల్ల చుక్క కనిపించింది, అలవాటుగా దాన్నీ కొట్టేశా, మళ్ళీ ఎందుకో అనుమానమొచ్చి అన్‌డూ చేసి ఇంకా దగ్గరికెళ్ళి చూస్తే అది మరక కాదు, పిట్టగోడ మీద మోచేతులాన్చి కిందకి చూస్తున్న మనిషి. గుండె ఝల్లుమంది. ఎన్నేళ్ళుగానో అక్కడే నిలబడున్న మనిషిని ఒక్క క్లిక్కుతో లేకుండా చేసేసేవాణ్ణి.

కింద గుర్రబ్బండి ఉంది. గుర్రం ఒళ్ళు స్పష్టంగానే ఉంది గానీ తల అలుక్కుపోయింది, ఊపింది కాబోలు. పాత కెమెరాలతో వచ్చిన చిక్కే అది, ఫోటో పడ్డానికి చాలాసేపు పట్టేది, ఆలోపు కదిలింది ఏదీ నిలవదు. 1838లో, ఫోటోగ్రఫీ కనిపెట్టినవాళ్ళలో ఒకడైన డాగేర్ ప్యారిస్ వీధిని తీస్తే బండ్లూ జనమూ అంతా మాయమైపోయి, బూటు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషీ, పాలిష్ చేసేవాడూ మాత్రమే మిగిలారు. అందుకే ఆ గుర్రం తలని నేను షార్ప్ చెయ్యలేదు, అది ఊపిన తల, అలాగే ఉండాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే నాకు జర్మనీలోని డ్రెస్డెన్ చర్చి తలుపులే గుర్తొస్తాయి. అక్కడి నోయ్‌మార్క్ట్ కూడలిలో ఉన్న ఆ ఫ్రావెన్‌కిర్షె చర్చి 1945 ఫిబ్రవరి బాంబుదాడుల తర్వాత కూలిపోయింది, మళ్ళీ కట్టి 2005లో తెరిచారు. కట్టేటప్పుడు, పాత ఓక్ తలుపుల మీద చెక్కడం ఎలా ఉండేదో సరైన వివరాలు దొరకలేదు. పెళ్ళయ్యాక జంటలు ఆ తలుపుల ముందే నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు కదా, పాత ఫోటోలు ఉంటే ఇవ్వండని జనాన్ని అడిగితే ఏకంగా పెళ్ళి ఆల్బమ్‌లే తెచ్చిచ్చారు, వాటిని చూసి వడ్రంగులు మళ్ళీ చెక్కారు. వాళ్ళ చేతికి ఎవరో ఊహించి నింపేసిన ఫోటో వెళ్ళుంటే? లేని పువ్వు ఒకటి ఆ చెక్క మీద నిజమైపోయేది.

రంగులు కూడా అందుకే వెయ్యను. ఫిల్ముకి బదులు వాడిన పాత గాజు ప్లేట్లు నీలానికి బాగా స్పందించేవి, ఎరుపుకి దాదాపు స్పందించేవే కావు, అందుకే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, ఎర్ర గుడ్డ నల్లగా పడుతుంది. ఆ బూడిద రంగులోంచి అసలు రంగు ఎలా లాగుతాం? వందేళ్ళ కిందటి రష్యన్ ఫోటోగ్రాఫర్ ప్రొకుదిన్ గోర్స్కీ ఫోటోలది వేరే సంగతి, ఆయన నీలం, ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్లతో మూడుసార్లు తీసి పెట్టాడు కాబట్టి వాటిని ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చితే వచ్చేది నిజంగా కెమెరా పట్టిన రంగే.

మధ్యాహ్నం మడత మీద ఆటోమేటిక్ టూల్ ఒకసారి నడిపి చూశా. రెండు సెకన్లలో గడియారం మెరిసిపోయింది, పెద్ద ముల్లు పన్నెండు మీద. చూడ్డానికి ఎంత బాగుందో! కానీ మడత పక్కన మిగిలిన చిన్న ముల్లు ఎనిమిదికీ తొమ్మిదికీ సరిగ్గా మధ్యలో ఉంది, అలాంటప్పుడు పెద్దది పన్నెండు మీద ఎలా ఉంటుంది, ఆరు మీద కదా ఉండాలి, ఆ ఆరు కూడా మడత కిందే ఉంది. మొత్తం తీసేశా. దుమ్ము, పసుపు పోయిన కాపీ ఒకటి, ముట్టుకోని ఒరిజినల్ స్కాన్ ఒకటి విడివిడిగా సేవ్ చేసి, ఏమేం తుడిచానో పక్కన రాసిపెట్టా. మడత మడతగానే ఉంది. స్తంభం నీడ నేల మీద బారుగా పడుంది. ఎనిమిదిన్నర, పైన మేడ మీద ఆ మనిషి ఇంకా కిందకే చూస్తున్నాడు.