సాక్ష్యం చెప్పమన్నారు

21 మార్చి 2025, శుక్రవారం
కాజీపేట

పొద్దున డ్యూటీ దిగి ఇంటికి వస్తుంటే ఫోను. నేను ముస్లిం ఇంట్లో పుట్టి క్రైస్తవుణ్నైన మనిషిని. ఈ ఆదివారం తమ ప్రార్థన కూటంలో సాక్ష్యం, అంటే యేసు దగ్గరికి ఎలా వచ్చానో, చెప్పాలని ఒక పెద్దాయన అడిగారు. మర్యాదగానే అడిగారు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, "ఎంత చీకట్లోంచి వచ్చారో గట్టిగా చెప్పండి బ్రదర్, విన్నవాళ్లు కదలాలి" అన్నారు. సాయంత్రం చెప్తానన్నాను గానీ, నిద్ర పట్టలేదు.

ఏ చీకటి? అబ్బా రైల్వేలో ఫిట్టర్. ఏ షిఫ్ట్ అయినా నమాజు తప్పేవాడు కాదు. జీతం రాగానే లేనివాళ్లకు ఇవ్వాల్సింది పక్కన పెట్టి, ఆ తర్వాతే ఇంటి ఖర్చు చూసేవాడు. ఉర్సు రోజుల్లో అఫ్జల్ బియాబానీ దర్గాకు నన్ను భుజాల మీద ఎక్కించుకొని పోయేవాడు. హిందువులు కూడా పూలు పట్టుకొని మా పక్కనే నిలబడేవాళ్లు. పిలిస్తే దేవుడు వింటాడని నాకు నేర్పింది ఆ ఇల్లే. ఈసా, అంటే యేసు, పేరు మొదట విన్నదీ అక్కడే. ఖురాన్‌లో 19వ సూరా (అధ్యాయం) పేరే మర్యమ్, ఈసా తల్లి పేరు. అమ్మీ అది చదివి మాకు కథగా చెప్పేది. ఖర్జూర చెట్టు మొదట్లో మర్యమ్ ఒక్కతే నొప్పులు పడుతుంటే నాకు ఏడుపొచ్చేది. ఊయలలో పసిబిడ్డ మాట్లాడితే ప్రాణం లేచొచ్చేది.

పని కోసం ఇంగ్లాండ్ వెళ్లినప్పుడు నాకు మతం మారాలన్న ఆలోచనే లేదు. జుమ్మాకి మసీదుకు పోయేవాణ్ని, అక్కడివాళ్లు నన్ను బాగానే చూసుకున్నారు. నా పని వృద్ధుల కేర్ హోమ్‌లో. చూపు పోయిన ఒక ముసలాయన రాత్రిపూట లూకా సువార్త చదివి వినిపించమనేవాడు. అదీ డ్యూటీయే అనుకొని చదివాను. 15వ అధ్యాయంలో, ఆస్తి పంచుకొని పోయి అంతా పాడుచేసుకున్న కొడుకు తిరిగొస్తుంటే, తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తుకుంటూ ఎదురెళ్తాడు. అబ్బా పోయినప్పుడు నేను సమయానికి రాలేకపోయాను. ఆ రాత్రి ఆ పేజీ దాటడం నా వల్ల కాలేదు.

ఆ తర్వాత చాలాకాలం సిలువ దగ్గరే ఆగిపోయాను. మాకు నేర్పింది వేరు. ఈసాను వాళ్లు చంపలేదు, సిలువ వేయలేదు, అల్లా తనవైపు ఎత్తుకున్నాడు. తన ప్రవక్తను అంత అవమానానికి వదిలేస్తాడా అని అబ్బా అనేవాడు. ఆ మాటలో దేవుడి మీద ఎంత నమ్మకం ఉందో నాకు తెలుసు, ఇప్పటికీ దాన్ని తేలిగ్గా తీసుకోలేను. కానీ నేను రోజూ చూస్తున్నది మంచం దిగలేని మనుషుల్ని. ఒళ్లు తుడుస్తుంటే సిగ్గుతో మొహం గోడవైపు తిప్పుకునేవాళ్లు. ఆఖరి రాత్రి ఎవరూ రాకపోతే నా చెయ్యే పట్టుకొని పోయినవాళ్లున్నారు. ఆ అవమానం తప్పించుకోకుండా అందులోకే దిగొచ్చిన దేవుడు నాకు కావాల్సి వచ్చాడు. నా దగ్గర ఇంతకు మించిన వాదన లేదు.

అడగ్గానే జ్ఞానస్నానం ఇచ్చేయలేదు. అక్కడి ఫాదర్‌గారు ఆగమన్నారు. ముందు అమ్మీకి చెప్పమన్నారు. ఆ ఆగిన రోజుల్లోనే లామిన్ సన్నే గురించి చదివాను. 1942లో గాంబియాలో ముస్లిం కుటుంబంలో పుట్టారు. ఖురాన్‌లో ఈసా గురించి చదివి ఆయనవైపు మళ్లితే, బాప్తిస్మం ఇవ్వడానికి మిషనరీలే వెనకాడారట. తర్వాత అమెరికాలో స్థిరపడి, 1989 నుంచి యేల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఉండి, 2019లో పోయారు. ఆయన వదిలొచ్చిన ఇంటిని తిట్టి పేరు తెచ్చుకోలేదు. కత్తి పట్టకుండా, చదువు చెప్పుకుంటూ పశ్చిమాఫ్రికాలో చాలాచోట్లకు ఇస్లాంను తీసుకెళ్లిన జఖాంకే పండితుల గురించి ఏళ్ల తరబడి పరిశోధించి రాశారు. అలా కూడా బతకొచ్చని ఆయన్ని చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

అమ్మీ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఈసారి రంజాన్ మార్చి 2న మొదలైతే, ఈస్టర్‌కు ముందు మా ఉపవాసకాలం మొదలయ్యే విభూది బుధవారం 5న వచ్చింది. ఇంట్లో ఇద్దరికీ ఉపవాసాలే. సహరీకి ఖిచిడీ వేడి చేసిపెట్టేది నేనే, డ్యూటీ ఉన్న రాత్రి పక్కింటి ఆపా చూసుకుంటుంది. మొదట్లో అమ్మీ నాతో నెలల తరబడి మాట్లాడలేదు. ఆ బాధ తప్పని నేనెప్పుడూ అనను. రేపు పరలోకంలో కొడుకు తన పక్కన ఉండడేమోనని ఆమె భయం. నేను సంతోషంగా ఉన్నానని చెబితే పోయే భయం కాదది. ఇవాళ మధ్యాహ్నం తస్బీ తిప్పుతూ, "నీ సిలువ ప్రార్థన ఎన్నింటికి?" అని అడిగింది. ఐదున్నరకన్నాను. "ఇఫ్తార్‌లోపు వచ్చెయ్ బేటా, ఖజూర్ అయిపోయినయ్" అంది.

ఫాతిమా కెథడ్రల్‌లో సిలువమార్గం, అంటే యేసు సిలువ ప్రయాణాన్ని తలుచుకుంటూ ఆగి ప్రార్థించే పద్నాలుగు స్థలాలూ, అయ్యేసరికి బాగా పొద్దు వాలింది. ఖజూర్, మిర్చి బజ్జీలు కొనుక్కొని, అజాన్ మొదలయ్యే వేళకి ఇల్లు చేరాను. అమ్మీ దువాకి చేతులెత్తింది. నేను సిలువ గుర్తు వేసుకున్నాను. ఒకే పళ్లెంలో తిన్నాం.

తర్వాత పెద్దాయనకు ఫోన్ చేశాను. వస్తాను, యేసు నాకేమయ్యాడో ఎంతసేపైనా చెప్తాను, మా అబ్బాను చీకటి అని మాత్రం అనను అన్నాను. 1965లో మా కథోలిక సంఘం పెద్దలు కూడిన రెండో వాటికన్ మహాసభే ముస్లింలను గౌరవంగా చూస్తామని రాసిపెట్టింది అని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "చూసి చెప్తాం బ్రదర్" అన్నారు. పిలవకపోయినా నాకు కోపం లేదు. ఆ కూటంలో కూర్చునే వాళ్ల ఇరుగుపొరుగున కూడా ముస్లింలు ఉంటారు, వాళ్ల గురించి నా నోటి నుంచి చెడు మాట వినిపోకూడదు, అంతే.

మా అన్న, భాయిజాన్, మాత్రం నా ఫోన్ ఇంకా ఎత్తడం లేదు. ఈద్ రోజు పొద్దున్నే మళ్లీ చేస్తాను. ఎత్తకపోతే అమ్మీ ఫోన్ నుంచి చేయను, అది మోసం చేసినట్టుంటుంది. నా నంబర్ చూసి ఆయనే ఎత్తాలి.