షావుకారు డబ్బు

ఫిబ్రవరి 21, 2026, శనివారం. మిల్టన్ కీన్స్, ఇంగ్లండ్.

పొద్దున బాబుని ఈత క్లాసులో దింపి, అక్కడే కెఫేలో కూర్చుని ఫోన్లోంచి క్రెడిట్ కార్డుకి 8,860 పౌండ్లు కట్టేశాను. రెండు నిమిషాలు పట్టింది. యాప్‌లో బాకీ సున్నా అని కనబడేదాకా టీ కూడా ముట్టుకోలేదు.

నిన్న రాత్రి మా ఆయన అన్నారు, "వడ్డీ లేని గడువు మార్చి నెలాఖరు దాకా ఉందిగా, ఆ డబ్బు పొదుపు ఖాతాలో ఇంకో నెల ఉంచితే ముప్ఫై పౌండ్లు వస్తాయి" అని. వస్తాయి, నిజమే. కానీ ఇంటి లోను ఫిక్స్‌డ్ రేటు సెప్టెంబరుతో అయిపోతోంది. కొత్తది వెతుక్కునేటప్పుడు లోను ఇచ్చేవాళ్ళు మన కార్డు బాకీలన్నీ చూస్తారు. పక్కన డబ్బు దాచుకున్నామని వాళ్ళకేం తెలుసు? కాగితం మీద అప్పు అప్పే. ముప్ఫై పౌండ్ల కోసం లోను దగ్గర చిక్కు తెచ్చుకోవడం నాకిష్టం లేదు.

2024 అక్టోబరులో తీసుకున్నాం ఈ కార్డు. కొన్నవాటి మీద 17 నెలలు వడ్డీ లేదు. కూరగాయలు, పెట్రోలు, పిల్లల బూట్లు, అన్నీ దీని మీదే. జీతంలో వాటికని పెట్టుకున్న డబ్బు ఏ నెలకా నెల పొదుపు ఖాతాలోకి. మొదట్లో అక్కడ నాలుగున్నర శాతం ఇచ్చేవాళ్ళు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు తగ్గుతూ డిసెంబరులో 3.75కి వచ్చింది, దాంతో ఇదీ నాలుగు కిందకి దిగింది. ఇలా వడ్డీ లేని కార్డు మీద కొనుక్కుంటూ మన డబ్బుని వడ్డీకి దాచుకోవడాన్ని ఇక్కడ స్టూజింగ్ అంటారు. ఖాతా నా పేరు మీదే తెరిచాం. నాది తక్కువ పన్ను శ్లాబు కాబట్టి ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ దాకా పన్నుండదు, ఆయనకైతే 500 వరకే.

మొదలుపెట్టిన వారంలో నాన్నకి ఫోన్లో చెప్పాను, తిడతారేమోనని భయపడుతూనే. తెనాలిలో ముప్ఫయ్యేళ్ళు కిరాణా కొట్టు నడిపిన మనిషి, అప్పు మాట ఎత్తితేనే గొంతు మారుతుంది. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది మా అరువు లెక్కే కదమ్మా" అన్నారు.

హోల్‌సేల్ షావుకారు పదిహేను రోజుల అరువు మీద పప్పులు, నూనె డబ్బాలు ఇచ్చేవాడట. అవి పది రోజుల్లో అమ్ముడయ్యేవి. మిగతా అయిదు రోజులు ఆ డబ్బు నాన్న దగ్గర ఉండేది. గల్లాలో మాత్రం వేసేవారు కాదు, విడిగా ఒక గుడ్డసంచిలో కట్టి బీరువాలో పెట్టేవారు. నాకు ఆ పసుపురంగు సంచి గుర్తుంది. పండగకి గౌను అడిగితే అమ్మ ఒకసారి అందులోంచి తియ్యబోతే "అది షావుకారు డబ్బు, మనది కాదు" అన్నారు నాన్న. గౌను వారం తర్వాత వచ్చింది.

అందుకే యాప్‌లో ఆ పొదుపు ఖాతాకి "షావుకారు డబ్బు" అని పేరు పెట్టాను.

నాన్న వడ్డీని శాతాల్లో వినరు. నాలుగున్నర శాతమంటే "పావలా వడ్డీ పైచిలుకు" అన్నారు వెంటనే. మరి గడువు దాటితే కార్డువాళ్ళు ఎంత తీసుకుంటారని అడిగారు. మా కార్డుకి 24.9 శాతం. "రెండు రూపాయల వడ్డీ! పావలా కోసం రెండు రూపాయలు పణంగా పెడుతున్నావు, తేదీ మర్చిపోకు." ఇంత బాగా నాకు ఎవరూ చెప్పలేదు. బ్యాంకులు వడ్డీ లేకుండా ఎందుకిస్తాయో అందులోనే ఉంది. మర్చిపోయేవాళ్ళు, ఖర్చు పెట్టేసుకునేవాళ్ళు ఉంటారనే వాళ్ళ నమ్మకం. ఒక్క నెల కనీస చెల్లింపు తప్పినా ఆ సున్నా వడ్డీ తీసేసే హక్కు వాళ్ళకుంటుంది. అందుకే కార్డు వచ్చిన రోజే, ఆ కనీస చెల్లింపు నెలనెలా బ్యాంకు నుంచి దానంతటదే వెళ్ళేలా డైరెక్ట్ డెబిట్ పెట్టాను. ఆ కార్డుతో ఏటీఎంలో ఒక్క పౌండు కూడా తియ్యలేదు, నగదుకి ఈ సున్నా వర్తించదు.

కష్టమైంది గడిచిన జులైలో. కారు క్లచ్ పోయింది, 900 పౌండ్లు అన్నాడు మెకానిక్. షావుకారు డబ్బు అప్పటికి అయిదు వేలు దాటి ఉంది. "అందులోంచి తీసి మళ్ళీ వేద్దాం" అన్నారు ఆయన. ఆయన తప్పేం లేదు, ఎవరికైనా అదే తోస్తుంది. రాత్రంతా ఆలోచించాను. ఒకసారి తీస్తే రెండోసారి తియ్యడానికి చెయ్యి వణకదు. పొద్దున్నే మా సొంత ఐసాలోంచి (ఇక్కడి పన్ను లేని పొదుపు ఖాతా) తీసి ఇచ్చాను. ఆ నెల సినిమా లేదు, బయట తిండి లేదు. ఆయనా ఇంకేం అనలేదు.

కార్డుకి కట్టాక ఖాతాలో 261 పౌండ్లు మిగిలాయి. పదిహేడు నెలల కాపలాకి అది ఎక్కువా తక్కువా అంటే, ఈ ఇంటికి రెండు వారాల కూరగాయలు, పాలు, బియ్యం. నాకు చాలు. ఇంకో కార్డు తీసుకుందామా అని ఆయన అడిగారు. లోను పని అయ్యేదాకా వద్దన్నాను.

ఈత అయ్యి బాబు తడి జుట్టుతో వచ్చి చిప్స్ అడిగాడు. కొనిచ్చి, కారెక్కాక నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం నాలుగున్నర, వరండాలో ఉన్నట్టున్నారు, రోడ్డు మీద ఆటో హారన్లు వినబడుతున్నాయి.

"షావుకారుకి కట్టేశాను నాన్నా."

"మొత్తమా?"

"మొత్తం."

"రసీదు తీసుకున్నావా?"

తీసుకోలేదు. ఇంటికొచ్చి, బియ్యం కడిగి పెట్టి, కార్డు యాప్ తెరిచి సున్నా బాకీ ఉన్న ఆ పేజీని ఫొటో తీసి నాన్నకి వాట్సాప్‌లో పంపించాను.