ఆరు నుంచి ఐదున్నరకు: నా పాటల పోటీ డైరీ

జూన్ రెండో వారం

విజయవాడ బందరు రోడ్డులో ఒక కాలేజీలో టీవీ పాటల పోటీకి ఆడిషన్. పొద్దున ఏడింటికే వెళ్తే చేతికొచ్చిన నంబరు 214. లోపలికి పిలిచేసరికి మూడు దాటింది. ట్రాక్ (పాట వెనక వాయిద్యాల రికార్డింగు) లేదు, తంబూర లేదు, ఉత్త గొంతే. టెన్షన్‌లో పల్లవి ఎక్కడో పైన ఎత్తుకున్నాను. చరణం తారస్థాయికి, అంటే పై స్వరాలకు వెళ్లగానే గొంతు కీచుమంది. అయినా ఎలా తీసుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు.

వెళ్లబోయేవాళ్లు ఇది చేయండి. మీ వంతుకు రెండు నిమిషాల ముందు నుంచి ఇయర్‌ఫోన్‌లో తంబూర యాప్ వింటూ ఉండండి. పిలవగానే ఆ షడ్జమాన్ని, అంటే 'స'ని, నోరు మూసుకుని కూనిరాగంలా పట్టుకుని లోపలికి నడవండి.

జూలై

మా టీచర్ గారు ఘంటసాల గారి పేరున్న ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలలో చదువుకున్నావిడ. నా పాట వినగానే, "ఆరు శ్రుతి ఎవరు పెట్టుకోమన్నారే?" అన్నారు. శ్రుతి అంటే పాటకు 'స'గా పట్టుకునే స్వరం, అంకె పెరిగితే పాట పైకెళ్తుంది. ఎవరూ అనలేదు, ట్రాక్ అందులో ఉంది, అంతే. ఐదున్నరకు దించమన్నారు. కీబోర్డు లెక్కలో ఏ నుంచి జీ షార్ప్‌కి, అంటే అర మెట్టు. నాకు నామోషీగా అనిపించి రెండు వారాలు మొండికేశాను. చివరికి ఒకే చరణాన్ని రెండు శ్రుతుల్లోనూ ఫోన్‌లో రికార్డు చేసి విన్నాను. ఆరులో స్వరం అందుతోంది గానీ మాట నలిగిపోతోంది. ఐదున్నరలో 'ళ' కూడా 'ళ'లాగే వినిపించింది.

ఉచ్చారణ దగ్గర ఇంకో చీవాట్లు. 'చుక్క', 'చల్లని' అనేటప్పుడు చ పళ్ల దగ్గర పలకాలి, 'చంద్రుడు' అనేటప్పుడు అంగిలి దగ్గర. నేను అన్నీ ఒకేలా లాగించేస్తున్నానట. ఇప్పుడు పాట మొత్తం నా చేత్తో రాసుకుని, పళ్ల చ మీద చిన్న చుక్క, ఊపిరి తీసుకునే చోట నిలువు గీత పెడుతున్నాను. గీత మాట మధ్యలో పడితే ఆ చోటు మార్చాల్సిందే.

రోజువారీ సాధన: పొద్దున 20 నిమిషాలు మంద్రస్థాయి (కింది స్వరాలు), తర్వాత సరళీ, జంట వరసలు అనే మొదటి స్వరపాఠాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. పాట సాయంత్రమే. ఆవకాయ మానలేదు, అంత త్యాగం నా వల్ల కాదు.

ఆగస్టు, హైదరాబాద్ షూటింగ్

ముందురోజు శాతవాహన రైల్లో నాన్న, నేను. ఏసీ పెట్టె వద్దన్నాను, గొంతు ఎండిపోతుందని. ఫ్లాస్కులో వేణ్నీళ్లు, పొట్లంలో పటికబెల్లం.

రిహార్సల్లో కీబోర్డు వాయించే అన్న తలెత్తకుండానే "స్కేల్ ఎంతమ్మా?" అన్నాడు. "ఆరు" అనబోయి ఆగి, "జీ షార్ప్ అన్నా" అన్నాను. ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కాడు. తెర మీద సున్నా పోయి మైనస్ ఒకటి వచ్చింది. రెండు నెలల గొడవ అక్కడ అర సెకను పని.

అసలు తిప్పలు చెవిలో పెట్టే మానిటర్‌తో వచ్చాయి. రెండు చెవుల్లో పెడితే నా గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. ఒకటి కాస్త వదులు చేసి, తబలా తగ్గించి తంబూర పెంచమని అడిగాను. అడిగితే ఇస్తారు, మొహమాటపడకండి. మైకు మాత్రం నోటికి నాలుగు వేళ్ల దూరం. 'భ', 'ఫ' వచ్చినప్పుడు కొంచెం పక్కకి తిప్పాలి, లేకపోతే స్పీకర్లో ఢబ్బుమంటుంది.

చరణంలో ఆ పై స్వరం పడింది. ఫలితం ఎపిసోడ్ వచ్చేదాకా చెప్పకూడదని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. గుంటూరు నుంచి అత్తయ్య రోజూ ఫోన్ చేస్తూనే ఉంది. "నాకొక్కదానికే చెప్పవే" అంటుంది, స్పీకర్ ఆన్‌లో పెట్టి.