వాలుగా కట్టిన తాడు

మూడో పీరియడ్ నాకు ఖాళీ. దిద్దాల్సిన పేపర్ల కట్ట పట్టుకుని వరండాలో కూర్చున్నాను. ఎదురుగా గ్రౌండులో తొమ్మిదో తరగతి వాళ్ళకి గేమ్స్ పీరియడ్ నడుస్తోంది. కాసేపు దిద్దానో లేదో, చూపంతా అటే పోయింది.

పీఈటీ మేడమ్ ఈరోజు హైజంప్ మొదలుపెట్టారు. హైజంప్ అనగానే నాకు తెలిసింది ఒకటే పద్ధతి: రెండు స్తంభాలు, మధ్యలో అడ్డంగా తాడు, కాలు తగిలితే అవుట్, మిగిలినవాళ్ళకి తాడు ఇంకాస్త పైకి. పావుగంట తిరక్కముందే ఏ ముగ్గురో నలుగురో దూకుతుంటారు, తక్కిన క్లాసంతా నీడకి చేరి కబుర్లాడుకుంటూ ఉంటుంది. ఎవరికి ప్రాక్టీసు ఎక్కువ కావాలో వాళ్ళే అందరికంటే ముందు కూర్చుండిపోతారు. పోటీల్లో అలాగే జరుగుతుంది కాబట్టి ఇందులో తప్పుందని ఎవరికీ తోచదు. పోటీ వేరు, పాఠం వేరు.

మేడమ్ తాడు ఒక కొసని మోకాలి కిందకి, రెండో కొసని ఛాతీ ఎత్తుకి కట్టారు. "ఎక్కడ దూకాలో మీరే చూసుకోండి. కుదిరితే ఎత్తు వైపు జరగండి, కుదరకపోతే వెనక్కి రండి. ఇక్కడ అవుట్ అనేది లేదు" అన్నారు. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

మొదట కాసేపు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పొడుగ్గా ఉన్న అబ్బాయిలు నేరుగా ఎత్తు కొస దగ్గరికే వెళ్ళారు. వాళ్ళలో ఇద్దరు తాడుని గట్టిగా తన్నేసి, చప్పుడు చేయకుండా ఓ మూడడుగులు పక్కకి జరిగారు. ఎవరూ నవ్వలేదు. ఎవరి చోటు వాళ్ళు వెతుక్కునే పనిలో ఉంటే పక్కవాడిని చూసి నవ్వే తీరిక ఎవరికుంటుంది?

నేను చూస్తున్నది ఒక అమ్మాయిని. గేమ్స్ పీరియడ్ వస్తే చాలు, కడుపునొప్పి అని చీటీ తెచ్చే పిల్ల. ఈరోజు చీటీ లేదో, ఉన్నా ఇవ్వలేదో తెలియదు. వరసలో అందరికంటే వెనక నిలబడి, తన వంతు వచ్చాక తాడు బాగా కిందికున్న చోట, దాదాపు అడుగు వేసినట్టే దాటింది. తిరిగొచ్చి మళ్ళీ నిలబడింది. రెండోసారి కొంచెం పక్కకి జరిగి దూకింది. తర్వాత ఇంకొంచెం జరిగితే కాలు తగిలింది. అక్కడ ఆగి మేడమ్ వైపు చూసింది. మేడమ్ విజిల్ వేయలేదు, పేరు పెట్టి పిలవలేదు. వెనక్కి నడిచొస్తున్న ఆ పిల్లతో పాటు తనూ నడుస్తూ నెమ్మదిగా ఏదో చెప్పారు. తర్వాతి వంతులో పిల్ల మళ్ళీ అదే చోటికి వెళ్ళింది. ఈసారి పరుగులోనే తేడా కనిపించింది. తాడు కదల్లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఏం చెప్పారని అడిగాను. "ఏముందండీ, తాడు దగ్గరికి వచ్చేసరికి పరుగు తగ్గించేస్తున్నావమ్మా, భయపడి ఆగిపోతే పైకి లేవడానికి ఊపు ఉండదు, చివరి మూడడుగులూ చకచకా వెయ్యి అన్నాను" అన్నారు. భలే దూకావనో, నువ్వు చేయగలవనో అనలేదట. చేయాల్సిన పని ఒక్కటి చెప్పి వదిలేశారు. నాకిది చాలా నచ్చింది. పొగడ్త పిల్లల్ని కాసేపు సంతోషపెడుతుంది. ఆ సలహాతో తన కాళ్ళు తన మాట వింటాయని ఆ పిల్లకి తెలిసింది.

మా లెక్కల క్లాసులో తప్పు చేస్తే అది నోటుబుక్కులోనే ఉంటుంది. నేనూ ఆ పిల్లా తప్ప మూడో మనిషి చూడనక్కర్లేదు. గ్రౌండులో అలా కాదు. బంతి జారినా, పరుగులో వెనకబడినా, తాడు తగిలినా క్లాసంతా చూస్తుంది. అది కూడా ఏ వయసులో! అమ్మాయిలు సగటున పన్నెండో ఏట, అబ్బాయిలు పద్నాలుగో ఏట ఒక్కసారిగా ఎదుగుతారు. కొందరికి అంతకంటే చాలా ముందు, కొందరికి చాలా తర్వాత. పుట్టిన సంవత్సరం ఒకటే అయినా శరీరం ఎదుగుదలలో రెండు మూడేళ్ళ తేడా ఉన్న పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. జూనియర్ టీముల్లో ఎంపికైనవాళ్ళని చూస్తే, వయసుని ఏ తేదీ నుంచి లెక్కిస్తారో ఆ తేదీ తర్వాతి తొలి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువగా ఉంటారని చాలా దేశాల్లో, చాలా ఆటల్లో తేలింది. కొన్ని నెలలు ముందు పుట్టడాన్ని మనం ప్రతిభ అనుకుంటున్నాం. అలాంటప్పుడు పదమూడేళ్ళ పిల్లని చూసి "ఈమెకి ఆటలు రావు" అని తేల్చేయడం అన్యాయం. ఆ మాట ఎవరూ పైకి అనక్కర్లేదు కూడా. ఇద్దరు కెప్టెన్లని నిలబెట్టి టీములు ఎంచుకోమంటే, చివర్లో మిగిలిపోయిన పిల్లకి అర్థమైపోతుంది. మా మేడమ్ టీముల్ని ఎప్పుడూ తనే వేస్తారు, కారణం ఇదేనేమో.

వాలు తాడు తన సొంత ఆలోచన కాదని మేడమే చెప్పారు. వ్యాయామ విద్యలో పేరున్న మస్కా మాస్టన్ అనే ఆయన 1966లో బోధనా పద్ధతులని ఒక వరసలో పెట్టి చూపించారట. క్లాసులో ఏ నిర్ణయం టీచరు తీసుకోవాలి, ఏది పిల్లలకి వదలాలి అన్నదే అందులో అసలు ప్రశ్న. ఒకే పనిని రకరకాల స్థాయిల్లో ఇచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో పిల్లల్నే ఎంచుకోనివ్వడం ఆ పద్ధతుల్లో ఒకటి. దానికి అందరూ చెప్పే ఉదాహరణ ఈ తాడే. మనిషికి దేని మీదైనా తనంతట తనకి ఇష్టం నిలవాలంటే మూడు కావాలని ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే మనస్తత్వవేత్తలు చెప్పారు: నిర్ణయం తనదై ఉండాలి, చేయగలననిపించాలి, నలుగురిలో తనూ ఒకరని అనిపించాలి. పొద్దున ఆ పిల్లకి ఈ మూడూ దొరికాయి, అదీ ఒక్క పీరియడ్‌లో.

హైజంప్ అంటే డిక్ ఫాస్‌బరీ గుర్తురాక మానడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 2.24 మీటర్లు దూకి స్వర్ణం గెలిచినవాడు. అతను బార్‌కి వీపు చేసి, వెల్లకిలా దాటాడు. ఇప్పుడు ప్రపంచమంతా అలాగే దూకుతోంది. అందరికీ తెలిసిన ఈ కథలో నాకు ముఖ్యమైన భాగం అంతకు ముందు జరిగింది. హైస్కూల్లో ఉన్నప్పుడు అందరూ దూకే పద్ధతి, అంటే బార్ మీద బోర్లా దాటడం, అతనికి ఎంతకీ పట్టుబడలేదు. కాళ్ళు కత్తెరలా ఒకదాని తర్వాత ఒకటి బార్ దాటించే పాతకాలపు పద్ధతికే తిరిగి వెళ్తానంటే అక్కడి కోచ్ సరేనన్నాడు. ఆ పాత పద్ధతిలో దూకుతూ దూకుతూ, ప్రతిసారీ నడుము కొంచెం ఎత్తుతూ, భుజాలు కొంచెం వెనక్కి వాలుస్తూ పోతే కొత్త పద్ధతి పుట్టింది. "అందరూ చేసేది నీకెందుకు రాదు?" అని ఆ కోచ్ పట్టుబట్టి ఉంటే ఆ కుర్రాడు ఆట మానేసి ఉండేవాడేమో. ప్రతి బడిలోనూ ఒలింపిక్ విజేత ఉంటాడని నేననను, అక్కర్లేదు కూడా. పిల్లవాడి శరీరం చెప్పేది టీచరు వినడం మాత్రం ప్రతి బడిలోనూ జరగాలి.

సాయంత్రం స్టాఫ్ మీటింగ్. పరీక్షలు దగ్గరపడుతున్నాయి కాబట్టి పెద్ద తరగతుల గేమ్స్ పీరియడ్లు రివిజన్‌కి ఇచ్చేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. ఏటా వచ్చేదే. మేడమ్ గొంతు పెంచలేదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోందని, 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో ప్రపంచవ్యాప్తంగా 81 శాతం మందికి అది అందడం లేదని, అమ్మాయిల్లో అయితే అది 85 శాతమని చెప్పారు. అవి 2016 నాటి లెక్కలు. "చాలామందికి మన పీరియడ్ ఒక్కటే ఉందండీ. అదీ తీసేస్తే ఇంక ఎక్కడ కదులుతారు?" అన్నారు.

నేనూ మాట్లాడాను. గ్రౌండు నుంచి వచ్చిన పిల్లలు మొదటి అయిదు నిమిషాలు రొప్పుతూ, నీళ్ళు తాగుతూ గోల చేస్తారు, నిజమే. ఆ తర్వాత పాఠం మీద వాళ్ళ ధ్యాస మధ్యాహ్నం నిద్రమత్తులో కూర్చున్న క్లాసు కంటే ఎంతో మెరుగ్గా ఉంటుంది. లెక్కల టీచరుగా నాకు ఆ పీరియడ్ వద్దని చెప్పాను. ఇంకో ఇద్దరు కూడా వద్దన్నారు. ఈ నెలకి టైమ్‌టేబుల్ ముట్టుకోవద్దని, తర్వాత సంగతి తర్వాత చూద్దామని తేలింది. పూర్తి గెలుపేమీ కాదు, అయినా మనసు తేలికపడింది.

ఇంటికొచ్చాక ఆ పద్ధతి నా క్లాసులో పనికొస్తుందా అని చాలాసేపు ఆలోచించాను. రేపు తొమ్మిదో తరగతికి కారణాంకాలు చెప్పాలి. బోర్డు మీద అందరికీ ఒకే లెక్క వేసే బదులు, తేలికవి, మధ్యరకంవి, గట్టివి మూడు వరసలుగా రాసి, ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్ళకే వదిలేస్తే? బాగా చేసే పిల్లలు కూడా తేలిక వరసలోనే కూర్చుంటారేమో అని ఒక అనుమానం. ఫోన్ చేసి మేడమ్‌ని అడిగితే, "మొదటి రోజు కూర్చుంటారండీ. రెండో రోజుకి వాళ్ళకే విసుగొచ్చి జరుగుతారు. మీరు మాత్రం జరగమని అనకండి" అన్నారు.

మొదటి రెండు వరసలూ రాసేశాను. మూడో వరసకి మంచి లెక్కలు ఇంకా రెండు కావాలి. పాత పుస్తకాలు అటక మీద ఉన్నాయి, తీయాలి.